ఏకత్వ శాసనాన్ని చదవడం ఎలా

ఉద్యోగంలో ఉన్న ఇరవై ఆరేళ్ళూ నా పని ఉత్తర్వులు రాయడమే. నిర్ణయం పైవాళ్ళది, ముసాయిదా నాది. ఒకసారి నేను రాసిన నాలుగు వరుసల ఉత్తర్వు వల్ల ఒక ప్రార్థనా మందిరం తాళాలు ఒక వర్గం చేతిలోంచి ఇంకో వర్గం చేతికి వెళ్ళాయి. తాళాలు అప్పగించిన పెద్దాయన రిజిస్టరులో సంతకం పెట్టి, పెన్నుకు మూత పెట్టి, నా బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఆ రిజిస్టరు తీసి చూసినవాళ్ళెవరైనా ఆయన ఒప్పుకున్నాడనే అనుకుంటారు.

రిటైరయ్యాక తొలి క్రైస్తవ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నైసియా అనే ఊళ్ళో జరిగిన బిషప్పుల సభ పేరుతో వచ్చిన నైసియా విశ్వాస ప్రమాణాన్ని మా అమ్మ కంఠతా చెప్పేది. ఆ మాటల మీద అందరూ ఎప్పుడు, ఎలా ఒప్పుకున్నారో తెలుసుకోవాలన్న కోరిక నాకు చిన్నప్పటినుంచీ ఉంది. మొదటి ఏడాదంతా వాదనలే చదివాను. కుమారుడు తండ్రితో ఏకసారం గలవాడా, కాదా అని. ఎంత చదివినా ఒకటి అర్థం కాలేదు. అదే వాదన 325 సభలో గెలిచింది, 359 సభలో ఓడింది, 381లో మళ్ళీ గెలిచింది. ఈ మధ్యలో బైబిలు మారలేదు, సింహాసనం మీద మనిషి మారాడు. అప్పుడు నా పాత పని గుర్తొచ్చింది. సంఘాన్నంతటినీ ఒకే విశ్వాసం కిందికి తేవడానికి రోమన్ చక్రవర్తులు ఇచ్చిన శాసనాలను మా ఆఫీసు కాగితాలు చదివినట్టే చదవడం మొదలుపెట్టాను. అలా చదివితే ఏం కనిపిస్తుందో, ఎలా చదవాలో ఇక్కడ చెబుతాను.

చిరునామాతో మొదలుపెట్టండి

రోమన్ చట్టాలు చాలావరకు థియోడోసియన్ స్మృతి ద్వారా మనదాకా వచ్చాయి. రెండో థియోడోసియస్ చక్రవర్తి 429లో ఆ పని మొదలుపెట్టించాడు, 438లో అది వెలువడింది. అందులో పదహారో పుస్తకం మతం గురించి. దానిలో ఐదో అధ్యాయం దుర్బోధకుల గురించి. ఆ ఒక్క అధ్యాయంలోనే 66 చట్టాలున్నాయి. ప్రతి చట్టానికీ పైన ఎవరు ఎవరికి పంపారో ఉంటుంది, కింద చోటు, తేదీ ఉంటాయి. చాలామంది ఆ రెండు వరుసలూ వదిలేసి మధ్యలోది చదువుతారు. మీరు ఆ రెండు వరుసలే ముందు చదవండి.

380 ఫిబ్రవరి చివర్లో మొదటి థియోడోసియస్ ఇచ్చిన శాసనం ఆ పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఉంది. తన ఏలుబడిలో ఉన్న ప్రజలందరూ అపొస్తలుడైన పేతురు రోమీయులకు అప్పగించిన విశ్వాసంలో నడవాలని, రోమ్ బిషప్పు డమాసస్, అలెగ్జాండ్రియా బిషప్పు పీటర్ అనుసరిస్తున్నది అదేనని చెబుతుంది. సామ్రాజ్యమంతటికీ ఒకే మతం వచ్చిన రోజు ఇదే అని చాలాచోట్ల చదివాను. కానీ చిరునామా చూడండి: కాన్‌స్టాంటినోపుల్ నగర ప్రజలకు. ఇచ్చిన చోటు థెస్సలొనీకా. అప్పటికి థియోడోసియస్ చక్రవర్తిగా ఆ రాజధానిలో అడుగు పెట్టలేదు. అక్కడి చర్చిలు నలభై ఏళ్ళుగా, కుమారుడు తండ్రితో ఏకసారం కాదన్న ఏరియస్ పక్షంవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. ఒప్పుకోనివాళ్ళకు శిక్ష ఏమిటి? ముందు దేవుడి ప్రతీకారం, తర్వాత మా చర్య అని మాత్రమే ఉంది. జరిమానా మొత్తం లేదు, గడువు లేదు, అమలు చేయాల్సిన అధికారి పేరు లేదు. నా లెక్కలో ఇది ఉత్తర్వు కాదు, వస్తున్నానని ఒక నగరానికి పంపిన నోటీసు.

ఇప్పుడు దాని పక్కనే 381 జూలై 30 నాటి చట్టం పెట్టుకోండి. ఇది ఆసియా ప్రాంతపు ప్రోకాన్సల్, అంటే గవర్నరు, అయిన ఆక్సోనియస్‌కు వెళ్ళింది. చర్చిలన్నీ వెంటనే అప్పగించాలంటుంది. ఎవరికి? త్రిత్వాన్ని ఒప్పుకునే బిషప్పులకు. ఎవరు నిజంగా ఒప్పుకుంటున్నారో అధికారికి ఎలా తెలుస్తుంది? దానికోసమే పదకొండు పేర్లు ఇచ్చారు: కాన్‌స్టాంటినోపుల్‌లో నెక్టేరియస్, ఈజిప్టులో తిమోతి, టార్సస్‌లో డియోడోర్, ఇకోనియంలో ఆంఫిలోకియస్, నిస్సాలో గ్రెగొరీ, ఇలా ప్రాంతాల వారీగా. వీళ్ళతో సహవాసంలో, అంటే వీళ్ళు తమవాడిగా ఒప్పుకునే సంబంధంలో, ఉన్నవాడికి చర్చి దక్కుతుంది, లేనివాడికి దక్కదు.

ఈ చట్టం చదివిన రోజు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఏడాదంతా పుస్తకాల్లో వెతికిన జవాబు ఇక్కడ ఉంది. ఏకసారం అంటే ఏమిటో ప్రోకాన్సల్‌కు తెలియక్కరలేదు. "నెక్టేరియస్‌తో సహవాసంలో ఉన్నావా, ఉత్తరం చూపించు" అంటే చాలు. విశ్వాసాన్ని ఒక అధికారి తనిఖీ చేయగలిగిన రూపంలోకి మార్చారు. ఏకత్వాన్ని పాలకులు ఎలా రుద్దారని అడిగితే నేను చెప్పేది ఇదే. ప్రతి శాసనంలోనూ మీరు వెతకాల్సింది కూడా ఇదే: లోపలి నమ్మకాన్ని బయట లెక్కపెట్టగలిగే దేనిగా మార్చారు? పేర్ల జాబితాగానా, తాళాలుగానా, సంతకంగానా, బంగారంగానా?

రెండు జాబితాలనూ పోల్చడం కూడా మర్చిపోకండి. 380లో కొలబద్ద రోమ్, అలెగ్జాండ్రియా. ఏడాదిన్నర తిరిగేసరికి రోమ్ బిషప్పు పేరే లేదు. జాబితాలో మొదట ఉన్న నెక్టేరియస్ బిషప్పుగా ఎన్నికయ్యేనాటికి ఇంకా బాప్తిస్మం కూడా పొందని సెనేటర్.

పేరు ఎవరు పెట్టారు

శాసనంలో ఒక వర్గానికి ఇచ్చిన పేరు ఆ వర్గం తనకు తాను పెట్టుకున్నది కాకపోవచ్చు. కాబట్టి పేరు కనిపించగానే పెన్సిలుతో దాని కింద గీత గీయండి.

313లో కార్తేజ్‌లో జరిగింది దీనికి మంచి పాఠం. ఉత్తర ఆఫ్రికాలోని ఆ నగరానికి కెసీలియన్ బిషప్పు కావడం చెల్లదని ఒక పక్షం అంది. ప్రభుత్వం క్రైస్తవులను హింసించిన కాలంలో పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించినవాడు అభిషేకం చేస్తే అది అభిషేకం కాదని వాళ్ళ పట్టు. తర్వాత వాళ్ళ నాయకుడైన డొనేటస్ పేరుతో చరిత్ర వాళ్ళను డొనేటిస్టులు అంటుంది. ఆ ఏప్రిల్‌లో వాళ్ళు ప్రోకాన్సల్ అనులినస్‌కు తోలు సంచిలో ముద్ర వేసిన ఫిర్యాదు ఇచ్చారు. ఆయన దాన్ని చక్రవర్తికి పంపుతూ రాసిన నివేదిక దొరుకుతోంది. ఆ సంచి మీద ఏమని ఉందో తెలుసా? కెసీలియన్ నేరాల గురించి కేథలిక్ సంఘం ఇచ్చిన అర్జీ అని. కేథలిక్ అంటే అప్పట్లో అందరికీ చెందిన అసలు సంఘం అని. అవతలివాళ్ళూ కేథలిక్కులే, తమ దృష్టిలో వీళ్ళూ కేథలిక్కులే. ఆ పేరు ఎవరికి చెందుతుందో తేల్చింది చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కార్యాలయం. ఎలాగో కింద చెబుతాను.

పేరు పెట్టడం ఒక్కోసారి శిక్షే అయ్యేది. ఏరియస్ అనుచరులను ఇకమీద పోర్ఫిరియన్లు అనాలని కాన్‌స్టాంటైన్ ఆదేశించాడు. పోర్ఫిరీ క్రైస్తవాన్ని ఖండించిన తత్వవేత్త. 435లో రెండో థియోడోసియస్, పదవి పోయిన బిషప్పు నెస్టోరియస్ అనుచరులను, బైబిల్లోని మాంత్రికుడు సీమోను పేరుతో, సైమోనియన్లు అనాలని చట్టం చేశాడు, వాళ్ళ పుస్తకాలు తగలబెట్టించమన్నాడు. కాన్‌స్టాంటైన్ అలా చేశాడు కాబట్టి మేమూ చేస్తున్నామని ఆ చట్టంలోనే ఉంది. వందేళ్ళ కిందటి ఉత్తర్వును ఆధారంగా చూపించడం ఏ ఆఫీసులోనైనా చేసే పనే. క్రీస్తు పేరు మోస్తున్నామనుకున్న మనుషుల నుంచి ఆ పేరు కూడా తీసేయడం ఎంత లోతుగా తగిలి ఉంటుందో మాత్రం చట్టంలో కనిపించదు. అది మీరు ఆగి ఆలోచించాలి.

డబ్బు, మినహాయింపు, తాళాలు

మొదట రాయితీలు వచ్చాయి, శిక్షలు తర్వాత వచ్చాయి. ఈ వరుస తప్పితే కథంతా తప్పుగా అర్థమవుతుంది.

313లోనే కాన్‌స్టాంటైన్ అనులినస్‌కు రాసిన ఉత్తరంలో, కెసీలియన్ అధ్యక్షుడిగా ఉన్న కేథలిక్ సంఘం గురువులకు నగర బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చాడు. ఆ బాధ్యతలు చిన్నవి కావు. పన్నుల వసూలు, నగర ఖర్చులు సొంత ఆస్తితో భరించాల్సి వచ్చేది. కెసీలియన్‌కే 3,000 ఫోలిస్‌ల డబ్బు కూడా పంపాడు, కార్డోబా బిషప్పు ఓసియస్ ఇచ్చిన జాబితా ప్రకారం పంచమని. ఇక అధికారికి ఎవరు కేథలిక్కు? ఆ జాబితాలో ఉన్నవాడు. వేదాంత తీర్పు రాకముందే ఖజానా తీర్పు వచ్చేసింది. తర్వాత 313లో రోమ్‌లో, 314లో ఆర్ల్‌లో సభలు జరిగి కెసీలియన్ పక్షమే గెలిచింది. 317 నాటికి కార్తేజ్‌లో సైనికులు దిగారు. 321లో కాన్‌స్టాంటైన్ ఆ బలవంతాన్ని విడిచిపెట్టాడు, కానీ చీలిక అలాగే మిగిలింది.

తాళాల సంగతి 380 నవంబరులో చూడండి. థియోడోసియస్ రాజధానిలోకి రాగానే అక్కడి ఏరియస్ పక్షం బిషప్పు డెమోఫిలస్‌ను పిలిచి, నైసియా విశ్వాసం ఒప్పుకో, లేదా చర్చిలు వదులు అన్నాడు. డెమోఫిలస్ తన సంఘాన్ని పిలిచి, ఒక ఊరిలో హింసిస్తే మరో ఊరికి పారిపొమ్మన్న ప్రభువు మాట గుర్తుచేశాడు. ఇకమీద నగర ద్వారాల బయట కలుద్దామన్నాడు. సంతకం పెట్టి బయటికి నడిచిన ఆ పెద్దాయన నాకు ఈ వాక్యం దగ్గర ప్రతిసారీ కనిపిస్తాడు. డెమోఫిలస్ నమ్మినదాన్ని నేను నమ్మను. అయినా ఆ మాట చదివితే గొంతు పట్టేస్తుంది.

గెలిచినవాళ్ళ వైపు నుంచి కూడా సాక్ష్యం ఉంది, అది ఇంకా విలువైనది. నైసియా పక్షం బిషప్పు నజియాంజస్ గ్రెగొరీని సైనికుల మధ్య అపొస్తలుల చర్చిలోకి తీసుకెళ్ళారు. తన జీవితం గురించి రాసుకున్న పద్యంలో ఆయన ఆ రోజును దాచకుండా చెప్పాడు: నగరం శత్రువులు పట్టుకున్న ఊరిలా ఉందని, మబ్బు కమ్మి ఉందని, లోపలికి వెళ్ళాక ఎండ వచ్చిందని. మరుసటి ఏడాదే ఆయన ఆ పదవి వదిలేశాడు. గెలిచిన పక్షంలోనే మనసు ఇబ్బందిపడినవాడి మాట దొరికితే దాన్ని వదలకండి.

సభకు ఎలా వెళ్ళారు, ఎలా బయటపడ్డారు

ఒక సభ తీర్మానం చదివేముందు తెలుసుకోవలసినవి: పిలిచిందెవరు, దారి ఖర్చు ఎవరిది, గది ఎవరిది, తలుపు దగ్గర ఎవరున్నారు, ఎప్పుడు ఇంటికి పంపుతారు.

325 సభను మొదట అంకైరాలో అనుకున్నారు. కాన్‌స్టాంటైన్ దాన్ని నైసియాకు మార్చాడు. ఇటలీ, యూరప్ బిషప్పులకు దగ్గరని, గాలి మంచిదని, తాను దగ్గరుండి చూడొచ్చని కారణాలు రాశాడు. బిషప్పులు ప్రభుత్వ రవాణా బళ్ళలో వచ్చారు, రాజభవనంలో కూర్చున్నారు. వాళ్ళలో కొందరు అంతకుముందు హింసాకాలంలో దెబ్బలు తిన్నవాళ్ళు. అలాంటి మనుషులకు చక్రవర్తి విందు ఇవ్వడం ఎలా అనిపించి ఉంటుందో ఊహించండి. నైసియాలో భయం కంటే కృతజ్ఞత ఎక్కువ పనిచేసిందని నేననుకుంటాను. చివరికి ఏరియస్‌తోపాటు ఇద్దరు లిబియా బిషప్పులు, థియోనస్, సెకుండస్, ఒప్పుకోక ప్రవాసానికి వెళ్ళారు.

ఇదంతా చాలామందికి తెలిసిందే. నేను మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టాలనుకునేది 359 నాటి రిమినీ సభ దగ్గర.

కాన్‌స్టాంటైన్ కొడుకు రెండో కాన్‌స్టాంటియస్‌కు ఒకే సూత్రం కావాలి. సారం అన్న పదం బైబిల్లో లేదు కాబట్టి దాన్ని తీసేసి, కుమారుడు తండ్రిని పోలినవాడు అంటే అందరూ సర్దుకుంటారని ఆయన ఆలోచన. పశ్చిమాన 400 మందికి పైగా బిషప్పులను రిమినీలో కూర్చోబెట్టాడు. ప్రిఫెక్టు అనే పెద్ద అధికారి టారస్‌కు, వీళ్ళంతా ఒకే మాట మీదికి వచ్చేదాకా ఎవరినీ వదలొద్దని, పని జరిగితే కాన్సల్ పదవి ఇస్తానని చెప్పినట్టు చరిత్రకారుడు సుల్పీషియస్ సెవెరస్ రాశాడు. 361 కాన్సళ్ళ జాబితా తీసి చూడండి, టారస్ పేరు ఉంది.

ఆ సభలో భోజన భత్యం సంగతి కూడా ఆయనే రాశాడు. బిషప్పులకు ఖర్చు ఖజానా నుంచి ఇస్తామన్నారు. గాల్, అక్విటేనియా, బ్రిటన్ బిషప్పులు వద్దన్నారు, సొంత డబ్బుతోనే బతికారు. బ్రిటన్ నుంచి వచ్చినవాళ్ళలో ముగ్గురు మాత్రం పేదవాళ్ళు కావడంతో ప్రభుత్వ భత్యమే తీసుకున్నారు. మిగతావాళ్ళు చందా వేసి ఇస్తామన్నా, తోటివాళ్ళ మీద భారం పడటం కంటే ఖజానా మీద పడటం మేలన్నారు. వాళ్ళ పేర్లు ఆయన రాయలేదు. చేతిలో డబ్బు లేక, ఇంటికి వెళ్ళే దారి లేక, తన మనసుకు తాను ఏం చెప్పుకోవాలో ఆలోచించుకుంటున్న ముగ్గురు మనుషులు. నాకు నాలుగో శతాబ్దపు సభలన్నిటిలోకీ ఈ ముగ్గురే ఎక్కువ దగ్గరగా అనిపిస్తారు.

వేసవిలో అధిక సంఖ్యాకులు నైసియా మాటే నిలబెట్టి, చక్రవర్తి దగ్గరికి పదిమంది దూతలను పంపారు. చక్రవర్తి వాళ్ళను కలవకుండా ఆలస్యం చేశాడు. చివరికి అక్టోబరులో థ్రేస్‌లోని నికే అనే ఊళ్ళో వాళ్ళచేత వేరే పత్రం మీద సంతకాలు పెట్టించారు. ఊరి పేరు చూడండి, నైసియాకు దగ్గరగా వినిపిస్తుంది. అందుకే ఆ ఊరు ఎంచుకున్నారని ఆనాటివాళ్ళే అనుకున్నారు. ఇక్కడ రిమినీలో నెలలు గడిచాయి, చలి మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు లొంగారు. చివరికి ఇరవై మంది మిగిలారు, అజాన్ బిషప్పు ఫెబాడియస్ వాళ్ళలో ముందున్నవాడు. వాళ్ళను కూడా కొన్ని వివరణలు చేర్చుకోవచ్చని ఒప్పించారు. లోకమంతా మూలిగి, తాను ఏరియన్ అయిపోయినందుకు ఆశ్చర్యపోయిందని క్రైస్తవ పండితుడు జెరోమ్ తర్వాత రాశాడు.

ఖర్చు వైపు కూడా ఒక సాక్షి ఉన్నాడు. అమ్మియానస్ మార్సెల్లినస్ క్రైస్తవుడు కాదు, సైనికుడు. కాన్‌స్టాంటియస్ బిషప్పుల గుంపులను సభల నుంచి సభలకు తిప్పి, ప్రభుత్వ రవాణా నరాలు తెగేలా చేశాడని ఆయన ఫిర్యాదు. ఇలాంటి బయటివాడి మాట ఎప్పుడూ ఒకటి వెతికి పెట్టుకోండి.

సంతకాన్ని వెంటనే నమ్మకండి

సంతకం కనిపిస్తే దాని ముందు ఏడాది, తర్వాత ఏడాది ఆ మనిషి ఏం చేశాడో చూడండి.

కైసరియ బిషప్పు యూసీబియస్ నైసియాలో సంతకం చేశాడు. ఆ వెంటనే తన సంఘానికి ఉత్తరం రాసి, ఆ మాటను తాను ఏ అర్థంలో ఒప్పుకున్నాడో వివరించుకున్నాడు. ఆ ఉత్తరం చదివితే సంతకం వెనక ఒక మనిషి ఎంత టెన్షన్ పడ్డాడో తెలుస్తుంది. నైసియాలో ముందువరుసలో ఉన్న ఓసియస్‌ను 357లో, దాదాపు నూరేళ్ళ వయసులో, సిర్మియంలో నిర్బంధించి లొంగదీశారు. ఆ వయసు మనిషి లొంగాడని ఎగతాళి చేసిన రాతలు చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. నైసియా పక్షాన నిలబడ్డ అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ అలా చేయలేదు. తనకు నష్టం జరిగినా ఆ ముసలాయన మీద జాలితోనే రాశాడు.

449లో ఎఫెసులో జరిగిన సభ గురించి రెండేళ్ళ తర్వాత చాల్సిడాన్ సభలో బిషప్పులు లేచి చెప్పిన మాటలు నమోదయ్యాయి: సైనికులు కత్తులతో, కర్రలతో నిలబడ్డారు, ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టించారు. మరి చాల్సిడాన్ మాత్రం స్వేచ్ఛగా జరిగిందా? అక్కడ అధ్యక్షత వహించింది చక్రవర్తి అధికారులు. బిషప్పులు చాలామంది ఒక ముసాయిదాకు ఒప్పుకుంటే, మార్సియన్ చక్రవర్తి నుంచి కబురు వచ్చింది: ఇది చాలదు, కుదరకపోతే సభ పశ్చిమాన పెడతాను. మాట మార్చారు. క్రీస్తు దేవుడిగా, మనిషిగా "రెండు స్వభావాలలో" ఉన్నాడన్న మాట వచ్చింది అలాగే. ఆ మాట సరైనదని నేను నమ్ముతాను, అయినా అది ఏ గదిలో, ఏ ఒత్తిడిలో ఖరారైందో దాచడం నాకు న్యాయంగా అనిపించదు.

అదే సభలో ఈజిప్టు బిషప్పులు పదమూడు మంది నేల మీద పడి వేడుకున్నారు. సంతకం పెడితే మా ఊళ్ళో మమ్మల్ని చంపేస్తారు, అలెగ్జాండ్రియాకు కొత్త బిషప్పు వచ్చేదాకా వదిలేయండి అని. మిగతావాళ్ళు వాళ్ళ మీద అరిచారు. అధికారులు మాత్రం వాళ్ళను అక్కడే ఉండనిచ్చి గడువు ఇచ్చారు. వాళ్ళ భయం నిజమేనా? 457 దాకా చదవండి. అలెగ్జాండ్రియాలో చాల్సిడాన్ పక్షాన నియమించిన బిషప్పు ప్రొటేరియస్‌ను జనం కొట్టి చంపారు.

శిక్షలో అంకెలు, అమలులో ఖాళీలు

412 జనవరి 30న చక్రవర్తి హొనోరియస్ ఇచ్చిన చట్టంలో డొనేటిస్టులకు జరిమానా పట్టిక ఉంది. అత్యున్నత హోదావాళ్ళకు 50 పౌండ్ల బంగారం. సామాన్యుడికి 5. సర్కంసెలియన్లు అనే తిరుగుడు గుంపులకు 10 పౌండ్ల వెండి. పౌండుకు 72 సాలిడస్ అనే బంగారు నాణేల లెక్కన గుణించి చూడండి: సామాన్యుడి మీద 360 బంగారు నాణేలు. బానిసలకు యజమాని మందలింపు, కౌలు రైతులకు పదేపదే దెబ్బలు. పట్టికలో ఆఖరి వరుస ఎప్పుడూ చదవండి, డబ్బు లేనివాడు ఒంటితో కట్టాలి.

మరణశిక్ష కనిపిస్తే అభియోగం ఏమిటో చూడండి. 385 ప్రాంతంలో ట్రియర్‌లో చక్రవర్తి మాగ్నస్ మాక్సిమస్ స్పెయిన్ బిషప్పు ప్రిసిలియన్‌ను చంపించాడు. ఆరోపణ చేసింది తోటి బిషప్పులు, వాళ్ళ అభ్యంతరం ఆయన బోధ గురించి. కోర్టులో నేరం మాత్రం మంత్రవిద్య. టూర్స్ బిషప్పు మార్టిన్ అక్కడికి వెళ్ళి రక్తం చిందించొద్దని బతిమాలాడు. ఆయన వెళ్ళిపోయాక చంపారు.

ఒకే నిషేధం మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది అమలు కావడం లేదని అర్థం చేసుకోవచ్చు. ఆ 66 చట్టాలను తేదీల వరుసలో చదివితే సమావేశాలు నిషేధం అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో మీరే లెక్కపెట్టుకోవచ్చు. మొదటి థియోడోసియస్ చట్టాల్లో కఠిన శిక్షలు రాయించినా అన్నీ అమలు చేయలేదని, భయపెట్టడమే ఆయన ఉద్దేశమని చరిత్రకారుడు సోజోమెన్ అంటాడు. కావచ్చు. కానీ భయం కూడా అమలేనని, ఉత్తర్వు అందుకున్నవాళ్ళ ముఖాలు చూసిన నాకు తెలుసు.

అగస్టీన్ మాట పూర్తిగా వినండి

బలవంతాన్ని సమర్థించినవాళ్ళంతా క్రూరులని అనుకుంటే చదవడం అక్కడే ఆగిపోతుంది. ఉత్తర ఆఫ్రికా కేథలిక్ బిషప్పు అగస్టీన్ మొదట ఎవరినీ ఏకత్వానికి బలవంతం చేయకూడదన్నాడు. మాటతోనే గెలవాలి, లేకపోతే బయట డొనేటిస్టులుగా ఉన్నవాళ్ళు లోపల దొంగ కేథలిక్కులుగా మారతారని ఆయన భయం. 408 ప్రాంతంలో విన్సెంటియస్ అనే బిషప్పుకు రాసిన ఉత్తరంలో తన మనసు ఎందుకు మారిందో చెబుతాడు. తన సొంత ఊరు ఒకప్పుడు పూర్తిగా డొనేటిస్టు. చక్రవర్తి చట్టాల భయంతో కేథలిక్ అయింది. ఇప్పుడు అక్కడివాళ్ళు పాత పేరు చెబితేనే అసహ్యించుకుంటున్నారు. అదే ఉత్తరంలో లూకా సువార్తలోని విందు ఉపమానం నుంచి, లోపలికి వచ్చుటకు బలవంతము చేయుము అన్న మాటను చేర్చాడు.

నేను ఆయన్ని గౌరవిస్తాను, ఈ విషయంలో ఒప్పుకోను. మీరు మాత్రం ఆ ఉత్తరం పక్కన డొనేటస్ ప్రశ్నను పెట్టుకుని చదవండి. 347లో చక్రవర్తి కాన్‌స్టాన్స్ దూతలు పాల్, మకారియస్ కానుకలతో ఆఫ్రికా వచ్చినప్పుడు ఆయన అడిగాడు: చక్రవర్తికి సంఘంతో ఏం పని? ఆ మాట మనకు చేరింది ఆయన ప్రత్యర్థి ఆప్టేటస్ పుస్తకంలోంచి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అంతకుముందు చక్రవర్తి న్యాయం కోరుతూ తోలు సంచి పంపింది ఆ పక్షమే.

ఒక చిట్టా గట్టిగా చదవండి

ఇదంతా సాధన చేయడానికి ఒక్క పత్రం ఎంచుకోమంటే, 411 జూన్‌లో కార్తేజ్‌లో జరిగిన సమావేశపు రికార్డు తీసుకోండి. గార్గిలియస్ స్నానశాలల్లో జూన్ 1, 3, 8 తేదీల్లో జరిగింది. చక్రవర్తి పంపిన అధికారి మార్సెల్లినస్ న్యాయాధికారి. రెండు పక్షాలూ కలిపి 550 మందికి పైగా బిషప్పులు వచ్చారు. ప్రతి మాటా షార్ట్‌హ్యాండ్‌లో రాశారు, ఆ రాత ఎవరూ మార్చకుండా రెండువైపులా కాపలా మనుషులను పెట్టారు. డొనేటిస్టులు కూర్చోమంటే కూర్చోలేదు. తీర్పు ఏ వైపు వస్తుందో చాలామందికి ముందే తెలుసు. వచ్చింది కూడా అలాగే. పైన చెప్పిన జరిమానా పట్టిక దాని వెనకే వచ్చింది. మార్సెల్లినస్‌కు రెండేళ్ళలో వేరే రాజకీయ ఆరోపణ మీద తల తీశారు.

మొదటి రోజు చాలాభాగం పేర్లు పిలవడానికే సరిపోయింది. వచ్చినవాళ్ళు నిజంగా బిషప్పులేనా అని అవతలివాళ్ళు అడిగారు కాబట్టి ఒక్కొక్కరినీ ముందుకు రమ్మన్నారు. చాలా ఊళ్ళకు ఇద్దరు బిషప్పులు. ఒకరు వచ్చి నిలబడి తన ఊరి పేరు చెబుతాడు. ఆ ఊరికే బిషప్పునని చెప్పుకునే రెండో ఆయన గుంపులోంచి ముందుకు వచ్చి, ముఖం చూసి, లాటిన్‌లో రెండే మాటలు అంటాడు: అగ్నోస్కో ఇల్లుమ్. అతణ్ణి ఎరుగుదును. రాసేవాడు అది రాసుకుంటాడు, తర్వాతి పేరు పిలుస్తారు. ఒక పేజీ అయినా గొంతెత్తి చదవండి, ప్రతి ఊరి పేరు దగ్గరా ఒక్క క్షణం ఆగుతూ.